మిగిలిన నీళ్లు

అగ్నిమాపక శాఖలో కొత్తగా చేరిన పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని ఆ మధ్య పిలిస్తే నేను పోలేదు. పోతే ధైర్యం గురించి మాట్లాడమంటారు, దండ వేస్తారు, ఫోటో తీస్తారు. ధైర్యం గురించి నాకు తెలిసింది తక్కువ. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు స్టేషన్లలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. ఫైర్‌మన్‌గా చేరి స్టేషన్ ఆఫీసర్‌గా రిటైరయ్యాను. ఇన్నేళ్లలో నన్నూ నావాళ్లనూ కాపాడింది భయమే. అది నాకు ఆలస్యంగా వచ్చింది. దాని ఖర్చు నేను పెట్టలేదు, గద్వాలలో ఒక తల్లి పెట్టింది. ఆమెకు నేను చెప్పాల్సిన మాట ఒకటి ఏళ్ల తరబడి నా గొంతులోనే ఉండిపోయింది. ఈ రాత దాని గురించే.

ప్రమోషన్లు, మెమోలు, ఎవరి మీద ఎవరు ఫిర్యాదు పెట్టారన్న ముచ్చట్లు ఇందులో ఉండవు. మంటల గురించి కూడా పెద్దగా ఉండదు. మంట కనిపిస్తుంది, వేడి తగులుతుంది, వెనక్కి జరగమని తనే చెబుతుంది. నేను రాసేది ముందుగా ఏమీ చెప్పని వాటి గురించి.

ముక్కు సారు

నేను వనపర్తిలో ఉన్నప్పుడు మా స్టేషన్ ఆఫీసరును అందరం చాటుగా ముక్కు సారు అనేవాళ్లం. ఎక్కడికి పోయినా బండి దిగగానే ఆగి, తల ఎత్తి గాలి పీల్చేవారు. ఇది వైరు కాలిన వాసన, ఇది ప్లాస్టిక్, ఇది పెట్రోలు అని చెప్పేవారు. చాలాసార్లు నిజమే అయ్యేది. మంచి మనిషి. కిందివాళ్ల పిల్లలకు జ్వరం వస్తే తనే దవాఖానకు తీసుకుపోయేవారు. అందుకే ఆయన చెప్పినదల్లా నమ్మాం.

ఆయన దగ్గర నేర్చుకున్నవి రెండు. ఒకటి, ముక్కును నమ్మడం. రెండోది, మిగిలిన నీళ్లు వెనక్కి తేకపోవడం. మంట ఆరాక బండి ట్యాంకులో ఎన్ని నీళ్లు ఉంటే అన్నీ అక్కడే కుమ్మరించి రావాలని ఆయన నియమం. పత్తిలో, గోనె సంచుల్లో నిప్పు లోపల దాక్కుని తెల్లారి మళ్లీ లేస్తుంది. అప్పుడు అదే ఊరికి రెండోసారి గంట కొట్టుకుంటూ పోవడం ఎంత తలవంపులో ఈ పని చేసినవాడికే తెలుసు. కాబట్టి నియమం తప్పు కాదు. ఎక్కడ పనికిరాదో చెప్పేవాడు మాకు లేడు, అంతే.

ఒక ఎండాకాలం వనపర్తి దగ్గరి పల్లెలో బావి పూడిక తీస్తూ ఇద్దరు రైతులు లోపల పడిపోయారని కబురు వచ్చింది. నీళ్లు తోడేందుకు డీజిల్ ఇంజన్‌ను తాళ్లతో బావిలోకే దించారు. మేం పోయేసరికి ఇంజన్ ఆగిపోయి ఉంది. ముక్కు సారు గట్టున వంగి గాలి పీల్చారు.

"ఏం వాసన లేదు. దిగండి" అన్నారు.

దిగింది బాలస్వామి. నా ఈడువాడు, నాతోపాటే డ్యూటీలో చేరినవాడు. నడుముకు తాడు కట్టుకుని, ముఖానికి తడి తువాల చుట్టుకుని మెట్లు దిగాడు. తాడు నా చేతిలో ఉంది. సగం లోతులో ఉండగా పైకి చూసి ఏదో చెప్పబోయాడు. నోరు తెరిచాడు కానీ మాట రాలేదు. తాడు ఒక్కసారి బరువెక్కింది.

ఆ బరువు ఇప్పటికీ నా అరచేతుల్లో ఉంది. ముగ్గురం కలిసి లాగాం. బాలస్వామి బతికాడు. కింద ఉన్న ఇద్దరూ బతకలేదు.

బావిలో ఉన్నది కార్బన్ మోనాక్సైడ్. ఇంజన్ పొగలో పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ కూర్చోవాల్సిన చోట అది కూర్చుంటుంది, తొందరగా లేవదు. తడి తువాల దాన్ని ఆపదు. వాసన లేదంటే గాలి బాగుందని కాదు, మన ముక్కుకు తెలియలేదని మాత్రమే. ఈ నాలుగు ముక్కలు ముందు తెలిసి ఉంటే ముక్కు సారు వాడిని దింపేవారు కాదు. ఆ తర్వాత ఆయన బండి దిగి గాలి పీల్చడం నేను చూడలేదు. బాలస్వామి మాత్రం ప్రతిదానికీ భయపడేవాడయ్యాడు. మోరీలో దిగమంటే దిగడు, మూసిన గదిలోకి ముందు పోడు. మేం వాడిని ఆటపట్టించేవాళ్లం. నేనే అందరికన్నా ఎక్కువ.

గద్వాల గోదాము

తర్వాత చాలా ఏళ్లకు నేను గద్వాల స్టేషన్‌కు ఆఫీసరుగా వచ్చాను. బాలస్వామి అప్పటికి మా బండి డ్రైవరు, పంపు నడిపేవాడు. గద్వాల చుట్టుపక్కల పత్తి విత్తనాలు పండిస్తారు. విత్తనాలు నిలవ చేసే గోదాములు చాలా ఉన్నాయి. మే నెలలో ఒకరోజు పొద్దున పదింటికి అలాంటి ఒక గోదాములో మంట లేచింది.

గోదాము రెండు గదులుగా ఉంది, మధ్యలో తలుపు లేని దారి. మొదటి గదిలో ఖాళీ గోనె సంచుల కుప్ప అంటుకుంది. రెండో గదిలో విత్తనాల బస్తాలు ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన మందపాటి టార్పాలిన్ పట్టాలు కప్పి, అంచుల మీద ఇసుక మూటలు పెట్టి ఉన్నాయి. ఆ రెండో గది వెనక గోడను ఆనుకుని రేకుల గది. అందులో వాచ్‌మన్ ఖాసిం, అతని భార్య షాహీన్, ఇద్దరు ఆడపిల్లలు ఉండేవారు. పెద్దది అస్మాకు ఆరేళ్లు, చిన్నది నాజియాకు నాలుగు.

మేం పోగానే గోదాము సూపర్‌వైజరు ఎదురొచ్చాడు.

"సార్, ఆ పక్కకు మందు పెట్టినం. నిన్ననే పెట్టినం. జర చూడుండ్రి" అన్నాడు.

"సరే సరే, నువ్వు పక్కకు జరుగు" అన్నాను.

ఏం మందు అని అడగలేదు. గోదాములో పురుగుకు మందు కొట్టడం నాకు కొత్త కాదు. ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఈ రాత ఇక్కడితో ఆగేది.

అరగంటలో మంట ఆరింది. ట్యాంకులో ఇంకా సగం నీళ్లు ఉన్నాయి. ముక్కు సారు నియమం నా నోట్లోంచి దానంతట అదే వచ్చింది. మిగిలిన నీళ్లన్నీ కొట్టేయమన్నాను. సంచుల బూడిద మీదుగా నీళ్లు గచ్చు నిండా పారి రెండో గది వైపు మళ్లాయి. పంపు దగ్గర నుంచి బాలస్వామి చూశాడు.

"సార్, నీళ్లు ఆ పక్కకు పోతున్నయ్. పట్టాల కిందికి పోతున్నయ్."

"పోనీ. చల్లబడుతది. నీళ్లకు గూడ భయమేనా నీకు?"

అందరూ నవ్వారు. బాలస్వామి పైపు చుట్టడానికి రెండో గది అంచు దాకా పోయాడు.

బయట ఎండ మాడ్చేస్తోంది. షాహీన్ చిన్నపిల్లను చంకనేసుకుని, పెద్దదాని తల మీద కొంగు కప్పి గేటు దగ్గర నిలబడి ఉంది. నన్ను చూసి దగ్గరికి వచ్చింది.

"సార్, పిల్లలను ఇంట్లకు తీస్కపోవచ్చునా? ఎండకు తాళ్తలేరు."

"పోమ్మా. మంట ఆరింది. ఏం భయం లేదు."

ఆమె పిల్లలను తీసుకుని లోపలికి పోవడం నేను నిలబడి చూశాను. వడగాలి రాకుండా తలుపు వేసుకుంది. అది కూడా చూశాను.

ఎల్లిపాయ వాసన

స్టేషన్‌కు వచ్చి స్నానాలు చేసి సద్దిడబ్బాలు విప్పాం. బాలస్వామి స్నానమూ చేయలేదు, తిననూ లేదు. గోడకు ఆనుకుని కూర్చున్నాడు. వాడి ప్యాంటు మోకాళ్ల దాకా ఇంకా తడిగానే ఉంది. దగ్గరికి పోతే వెల్లుల్లి వాసన వచ్చింది.

"ఏందిరా, పొద్దుగాలనే ఎల్లిపాయ కారం తిని వచ్చినవా?" అని నవ్వాను.

వాడు నవ్వలేదు. "తలకాయ పట్టేసింది సార్. కడుపుల తిప్పుతుంది. ఆ బాయిల అయినట్టే అయితుంది. నాకు భయమైతుంది సార్."

భయమన్న మాట వాడి నోట నేను వందసార్లు విని ఉంటాను. ఆ రోజు మాత్రం ఆ బావి తాడు మళ్లీ చేతికి తగిలినట్టయింది. ఫోన్ తీసి సూపర్‌వైజరుకు కొట్టాను.

"నువ్వు పొద్దున మందు అన్నవు గదా. ఏం మందు?"

"గోలీలు సార్. పురుగుకు పెడ్తం గదా. తడి తగిల్తే గ్యాస్ లేస్తది. అందుకే పట్టా కప్పి పెట్టినం."

ధర చెప్పినంత మామూలుగా చెప్పాడు.

ఆ గోలీలు అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలోని కొద్దిపాటి తేమకే మెల్లగా కరిగి ఫాస్ఫీన్ అనే గ్యాస్ వదులుతాయి. పురుగును చంపేది ఆ గ్యాసే. మూడు నాలుగు రోజుల్లో మెల్లగా రావాల్సిన గ్యాస్‌ను నేను అరట్యాంకు నీళ్లతో ఒక్క గంటలో లేపాను. అది గాలి కన్నా కొంచెం బరువు, నేల మీదికి పాకుతుంది. గోడ పగుళ్లలోంచి, రేకు సందుల్లోంచి పక్క గదికి పోతుంది. ఆ పక్క గదిలో ఇద్దరు పిల్లలు చాప మీద, నేలకు ఆనుకుని పడుకుని ఉంటారు. వాళ్లను అక్కడికి పంపింది నేను.

అంబులెన్సుకు చెప్పి బండి ఎక్కాం. బస్టాండు దగ్గర ఆటోలు అడ్డం వచ్చాయి. బాలస్వామి గంట ఆపకుండా కొడుతూ నడిపాడు. వాడి పక్కన కూర్చుని నేను వణికాను. దాచుకోవడానికి ఏమీ లేదు, పళ్లు కొట్టుకుంటుంటే దవడ పట్టుకుని కూర్చున్నాను. పిల్లలు నిద్రపోయి ఉండొద్దు, ఎక్కడైనా ఆడుకోవడానికి పోయి ఉండాలి అని ఒకటే అనుకుంటున్నాను.

షాహీన్ గడప మీద కూర్చుని వాంతి చేసుకుంటోంది.

"పొద్దుగాల తిన్న కూర పాడయినట్టుంది సార్. ఆయన గోలీలు తెస్తనని మెడికల్‌కు పోయిండు. పిల్లలు గూడ కక్కిండ్రు. ఇప్పుడే పండుకున్నరు."

ఫాస్ఫీన్ ఇలాగే మోసం చేస్తుంది. కడుపునొప్పి, వాంతి, మత్తు. ఇంట్లోవాళ్లు తిన్న తిండిని అనుమానిస్తారు, తలుపు వేసుకుని పడుకుంటారు.

మా బండిలో బీఏ సెట్లు రెండు ఉండాలి. వీపున గాలి సిలిండరు, ముఖానికి మాస్కు ఉండేదే బీఏ సెట్టు. ఆ రోజు ఒకదాని సిలిండరు ఖాళీ. రెండోదాన్ని నేను తగిలించుకుంటూ బాలస్వామిని కూడా రమ్మన్నాను. వాడు షాహీన్‌ను లేపి గాలికి ఎదురుగా నడిపిస్తున్నాడు.

"నేను రాను సార్. ఒక్కటే సెట్టున్నది. నేను పడ్తే నన్నెవరు తీస్తరు? మీరు పిల్లలను తెచ్చియ్యండ్రి, నేనీడ అందుకుంట."

ఆఫీసరు మాట కాదన్నాడు. నా సర్వీసంతటిలో నేను విన్న తెలివైన మాట అదే. పిల్లలారా, రాసిపెట్టుకోండి: మాస్కు లేకుండా లోపలికి దూకినవాడు కాపాడేవాడు కాదు, కాపాడాల్సిన ఇంకో మనిషి.

గది చిన్నది. మాస్కులో నా ఊపిరి నాకే పెద్దగా వినిపిస్తోంది. అస్మాను ఎత్తి బయట బాలస్వామి చేతుల్లో పెట్టాను, ఆ పిల్ల ఏడ్చింది. ఏడుపు వినగానే ప్రాణం లేచి వచ్చింది. నాజియా చెమ్మ పట్టిన గోడ పక్కన పడుకుని ఉంది. ఎత్తితే చెయ్యి వేలాడింది. పెదవులు నీలంగా ఉన్నాయి. ఏడవలేదు.

బెంచి మీద

నాజియాను గద్వాల దవాఖానలో చూసి కర్నూలుకు పంపారు. బాలస్వామి, అస్మా, షాహీన్ గద్వాలలోనే తేరుకున్నారు. అక్కడి డాక్టరు నన్ను పక్కకు పిలిచి, దీనికి విరుగుడు మందు లేదని, గుండె ఆగకుండా చూసుకుంటూ గ్యాస్ ప్రభావం తగ్గేదాకా ఆగాల్సిందేనని చెప్పాడు. రెండు రోజులు ఆ వార్డు బయట బెంచి మీద కూర్చున్నాను. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ లేచి నిలబడ్డాను. అంతకుముందు గానీ తర్వాత గానీ నేను అంత భయపడలేదు. మూడో రోజు పొద్దున నర్సమ్మ బయటికి వచ్చి, పిల్ల కళ్లు తెరిచి నీళ్లు అడుగుతోందని చెప్పింది.

షాహీన్ నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకు అద్దుకుంది. "మీరు తిరిగొచ్చిండ్రు గాబట్టి బతికినం సార్" అంది.

అప్పుడే చెప్పాల్సింది. ఆ నీళ్లు నావని, లోపలికి పొమ్మన్నదీ నేనేనని. ఖాసిం పక్కనే నిలబడి నా ముఖంలోకి చూస్తున్నాడు. నోరు తెరిచాను. బావిలో బాలస్వామికి రానట్టే నాకూ మాట రాలేదు. వాడిది గ్యాస్, నాది పిరికితనం.

సున్నం డబ్బా

కొన్నాళ్లకు నాగర్‌కర్నూలుకు బదిలీ అయ్యాను. అక్కడ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే ఒక మేడమ్‌ను బతిమాలి సాయంత్రాలు పాఠం చెప్పించుకున్నాను. ఇంటర్ పిల్లల బెంచీ మీద యూనిఫారంతో కూర్చునేవాడిని. మొదటి రోజే ఆమె గోడకు వేసే పొడి సున్నం గడ్డ ఒకటి డబ్బాలో వేసి, నీళ్లు పోసి, డబ్బా నన్ను పట్టుకోమన్నారు. చురుక్కుమని వదిలేశాను.

"దీంట్ల నిప్పు యాడున్నది సార్?" అని అడిగారు. "వస్తువు ఒక్కటే ఉన్నప్పుడు ఊకెనే ఉంటది. దేంతోని కలుస్తుందో అది అడగాలె. మీరు ఏడికి పోయినా నీళ్లు తీస్కపోతరు. ఇది నీళ్లతోని కలిస్తే ఏమైతది అని మీరే ముందు అడగాలె."

నా ఉద్యోగంలో అన్నిటికన్నా విలువైన పాఠం ఒక లెక్చరరమ్మ సున్నం డబ్బాలో దొరికింది. గాఢమైన ఆసిడ్ ఉన్న ట్యాంకులో నీళ్లు కొడితే మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. అదే ఆసిడ్ మనిషి ఒంటి మీద పడితే బట్టలు తీసేసి ఎడతెగకుండా నీళ్లు పోయాలి. బట్టలకు అద్దకం వేసేచోట హైడ్రోస్ పొడి ఉంటుంది, కొంచెం తడికే వేడెక్కి అంటుకుంటుంది. క్లోరిన్ కారుతున్న సిలిండరు మీద నీళ్లు కొడితే ఆ తడికి లోహం తినుకుపోయి చిల్లు పెద్దదవుతుంది. ఇవి బట్టీ పట్టమని చెప్పను, పట్టినా ఆ వేళకు గుర్తుండవు. ఏం వస్తువు, దేంతో కలుస్తుంది, ఎటు పారుతుంది అని అడగడం అలవాటు చేసుకోండి. సమాధానం తెలిసేదాకా గాలికి ఎదురుగా, ఎత్తు మీద, దూరంగా నిలబడండి. జనం తిడతారు, నిలబడండి.

ఒకసారి రోడ్డు మీద ఆసిడ్ ట్యాంకరు బోల్తాపడింది. ఊరివాళ్లు చుట్టూ చేరి, నీళ్లు కొట్టకుండా చూస్తున్నావేమని నా చొక్కా పట్టుకున్నారు. డ్రైవరు ఒంటి మీద మాత్రమే నీళ్లు పోయించాను. కారుతున్న ఆసిడ్‌కు మట్టికట్ట వేయించి, ట్యాంకరు మీద చుక్క పడనివ్వలేదు. చొక్కా చిరిగింది, ఎవరి కళ్లూ పోలేదు.

రంజాన్ డబ్బా

గద్వాలలో జరిగిన ఆ ఏడాది నుంచి ప్రతి రంజాన్ పండుగకు షాహీన్ వాళ్లింటి నుంచి నాకు షీర్ ఖుర్మా డబ్బా వస్తోంది. మొదట గద్వాల స్టేషన్‌కు, తర్వాత నాగర్‌కర్నూలుకు, రిటైరయ్యాక వనపర్తిలో మా ఇంటికి. ప్రతిసారీ ఆమె స్వయంగా వచ్చేది, డబ్బా చేతికిచ్చి కాసేపు నిలబడేది. ఇంకేమన్నా ఉందా అన్నట్టు చూసేది. నేను పిల్లల చదువుల గురించి అడిగి పంపించేసేవాడిని. ఆమె పోయాక ఆ తీపి నాకు మింగుడు పడేది కాదు. ఇంట్లో వెల్లుల్లి తాలింపు వేస్తే ఇప్పటికీ నేను వంటింట్లోంచి బయటికి పోతాను. ఎందుకో మా ఆవిడకు కూడా చెప్పలేదు.

మొన్నటి పండుగకు ఖాసిం, షాహీన్, పిల్లలు నలుగురూ వచ్చారు. నాజియా ఇప్పుడు పొడుగైంది, కళ్లద్దాలు పెట్టుకుంది. మా ఇంటి వెనక గోడకు ట్యాంకు కారి చెమ్మ పట్టి ఉంది. ఆ పిల్ల దాన్ని చూసి కుర్చీ జరుపుకుని గుమ్మం దగ్గర కూర్చుంది. తడి గోడ చూస్తే అంతేనని, వానాకాలం ఇంట్లో పడుకోదని ఖాసిం చెప్పాడు.

ఇక నావల్ల కాలేదు. డబ్బా పట్టుకునే చెప్పాను. అమ్మా, ఆ రోజు రెండో గదిలోకి నీళ్లు పంపింది నేను. ఏం మందో అడగలేదు. బాలస్వామి చెప్పినా నవ్వాను. మిమ్మల్ని లోపలికి పొమ్మన్నది కూడా నేనే.

షాహీన్ తల దించుకుని కొంగు సర్దుకుంది.

"మాకెరికే సార్. కర్నూల్ దవాఖానల ఉన్నప్పుడే సూపర్‌వైజరు చెప్పిండు."

"మరి ఇన్నేళ్లు ఒక్క మాట కూడ అడగలేదేందమ్మా?"

"మీరే చెప్తరేమో అని ఏడాదికోపారి వస్తుంటి సార్."

గుమ్మం దగ్గర నుంచి నాజియా లేచి వచ్చి, నా చేతిలోని డబ్బా తీసుకుని, మూత తీసి బల్ల మీద పెట్టింది.